కాస్ట్లీ కారులో తక్కువ ఆక్టేన్ పెట్రోల్ కొట్టించారా..? కంగారొద్దు.. కానీ ఈ తప్పు మాత్రం చేయకండి!

లక్షలు పోసి టర్బో ఇంజిన్ కారు కొంటారు. బంక్‌కు వెళ్లి అలవాటుగా "ఫుల్ చేయి బ్రదర్" అనేసి ఫోన్ చూసుకుంటారు. తీరా ట్యాంక్ నిండాక మూత వెనక స్టిక్కర్ మీద '98' అని కనిపిస్తే గుండె గుభేల్‌మంటుంది. మరి ఒక్క ట్యాంక్‌తోనే ఇంజిన్ పాడైపోతుందా? పెట్రోల్ మొత్తం తీయించేయాలా?

ఆక్టేన్ అంటే పవర్ కాదు

ఆక్టేన్ నంబర్ పెరిగితే పెట్రోల్‌లో పవర్ పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. అది అపోహే. ఒత్తిడి, వేడి పెరిగినా తనంతట తాను అంటుకోకుండా పెట్రోల్ ఎంతవరకు తట్టుకుంటుందో చెప్పేదే ఈ నంబర్. పెర్ఫార్మెన్స్ కార్లలో టర్బో, హై కంప్రెషన్ వల్ల సిలిండర్‌లో ఒత్తిడి బాగా ఎక్కువగా ఉంటుంది. ఆక్టేన్ సరిపోకపోతే.. స్పార్క్ ప్లగ్ అంటించిన మంట చేరేలోపే మిగిలిన పెట్రోల్ ఒక్కసారిగా పేలినట్టు మండుతుంది. ఇదే నాకింగ్. బానెట్ కింద నుంచి 'టింగ్ టింగ్' అనే లోహపు శబ్దం వస్తుంది.

ఇంజిన్ ఏం చేస్తుంది?

ఇప్పటి కార్లలో నాక్ సెన్సర్ ఉంటుంది. నాకింగ్ మొదలవగానే అది పసిగట్టి కంప్యూటర్‌కు చెబుతుంది. కంప్యూటర్ స్పార్క్‌ను కాస్త ఆలస్యం చేస్తుంది. టర్బో ప్రెజర్‌ను కూడా తగ్గించొచ్చు. దాంతో ఇంజిన్ సేఫ్. కానీ పికప్ తగ్గుతుంది, మైలేజీ కూడా కొంత పడిపోతుంది. అయితే ఈ రక్షణకూ ఓ హద్దుంది. అదే పెట్రోల్‌తో ఫుల్ యాక్సిలరేటర్ తొక్కినా, ఫుల్ లోడుతో ఘాట్ ఎక్కించినా పిస్టన్లు, రింగులు, హెడ్ గ్యాస్కెట్ దెబ్బతినే ప్రమాదం ఉంది. అంటే బంక్‌లో జరిగిన పొరపాటు కంటే ఆ తర్వాత తొక్కుడే అసలు డేంజర్.

బంక్‌లో దొరికేది ఎంత?

2020 ఏప్రిల్‌లో వచ్చిన బీఎస్-6 ప్రమాణాల ప్రకారం మన సాధారణ పెట్రోల్‌కు కనీస ఆక్టేన్ 91. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్‌లో ఇది 95. ఇండియన్ ఆయిల్ 2020 డిసెంబర్‌లో 100 ఆక్టేన్‌తో ఎక్స్‌పీ100 తెచ్చింది. అప్పట్లో ఢిల్లీలో లీటరు 160 రూపాయలు.

స్టిక్కర్‌పై 'కనీసం 95, రికమెండెడ్ 98' అని ఉంటే 95తో భయం లేదు, పికప్ మాత్రం కాస్త తగ్గొచ్చు. 'కనీసం 98' అని ఉంటేనే జాగ్రత్త పడాలి. మరో మాట.. ఆక్టేన్ సరిపోయినంత మాత్రాన కారు ఈ20కి పనికొస్తుందని కాదు. పాత కారైతే మాన్యువల్‌లో అది విడిగా చూసుకోవాల్సిందే.

అమెరికాలో ఉంటే లెక్క వేరు

అక్కడి పంపులపై కనిపించే 87, 91, 93 నంబర్లు రెండు రకాల పరీక్షల సగటు. అక్కడి 87 మన 91తో దాదాపు సమానం. అక్కడి 91 అంటే మన దగ్గర 95, 96 కింద లెక్క. కాబట్టి అమెరికా మాన్యువల్‌లో 91 అని చూసి ఇక్కడ 91 కొట్టిస్తే తక్కువ ఆక్టేన్ పోసినట్టే.

పొరపాటు జరిగితే ఇలా చేయండి

* పెట్రోల్ తీయించాల్సిన పని సాధారణంగా ఉండదు. నెమ్మదిగా నడపండి.
* స్పోర్ట్ మోడ్, రేసింగ్, ఫుల్ లోడుతో ఘాట్ ప్రయాణం వద్దు.
* ట్యాంక్ సగమయ్యాక హై ఆక్టేన్ కలపండి. సగం 95, సగం 100 అయితే సుమారు 97.5 అవుతుంది. 98 చేరాలంటే 100 పాలు ఇంకాస్త ఎక్కువ పడాలి.
* శబ్దం ఆగకపోయినా, చెక్ ఇంజిన్ లైట్ మిణుకుమిణుకుమన్నా కారు పక్కకు ఆపి సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేయండి.
* పోసింది డీజిల్ అయితే మాత్రం ఇవేవీ వర్తించవు. అసలు స్టార్ట్ చేయొద్దు, ట్యాంక్ ఖాళీ చేయించాల్సిందే.

ఇక 91 చాలు అని రాసున్న మామూలు కారుకు 100 ఆక్టేన్ పోస్తే? నష్టమేమీ లేదు.. జేబుకు తప్ప! అందుకే ఈసారి బంక్‌లో "ఫుల్ చేయి" అనే ముందు మూత వెనక నంబర్ ఒక్కసారి చూడండి.