ముప్పై దాటిన చీటీ

ట్రాఫిక్ కేసుల మీద ముఖచిత్ర కథనం కావాలన్నారు సంపాదకులు. హెల్మెట్, సిగ్నల్ జంపింగ్, రాంగ్ రూట్ అన్నీ రావాలని, గురువారానికల్లా అందాలని ఆయన మాట. చట్టం ముందేసుకుని కూర్చున్నాక నా మనసు ఒక్క కాగితం దగ్గరే ఆగిపోయింది. రాత్రివేళ బారికేడ్ల దగ్గర "ఊదండి" అన్న మాట తర్వాత బ్రీత్ అనలైజర్ ప్రింటర్ నుంచి వచ్చే చీటీ అది. బస్సు టికెట్టంత ఉంటుంది. మిగతా చలానాల్లో చాలావరకు డబ్బు కట్టేస్తే తీరిపోతాయి. అలా అక్కడికక్కడే తీర్చుకోదగ్గ నేరాలేవో మోటారు వాహనాల చట్టం 200వ సెక్షన్ చెబుతుంది. తాగి నడపడం గురించిన 185వ సెక్షన్ ఆ జాబితాలో లేదు. ఎంత డబ్బున్నా ఫోన్‌లో కట్టేసి ఇంటికి పోయే దారి లేదు. మేజిస్ట్రేటు ముందు నిలబడాల్సిందే.

చీటీ మీద మామూలుగా తేదీ, సమయం, పరికరం నంబరు, పరీక్ష నంబరు, వాటితోపాటు ఒక అంకె ఉంటాయి. అందరి చూపూ ఆ అంకె మీదే. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటి మద్యం ఉంటే నేరం. సరిగ్గా 30 ఉంటే కాదు, దాటాలి. మొదటిసారి దొరికితే ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే రెండేళ్ల వరకు జైలు, లేదా 15,000, లేదా రెండూ.

అయితే ఆ యంత్రం మన రక్తాన్ని చూడదు. ఊపిరిలోని మద్యాన్ని కొలిచి, దాన్నిబట్టి రక్తంలో ఎంత ఉంటుందో లెక్కగడుతుంది. 2,100 మిల్లీలీటర్ల ఊపిరిలో ఎంత మద్యం ఉంటుందో, ఒక్క మిల్లీలీటరు రక్తంలోనూ అంతే ఉంటుందన్నది ఆ లెక్కకు ఆధారం. ఇది సగటు మనిషికి సరిపోయే లెక్క, మనిషి మనిషికీ కొంత తేడా ఉంటుంది. మద్యం ఉన్న మౌత్‌వాష్‌తో అప్పుడే పుక్కిలించినా, గుక్క మింగిన వెంటనే ఊదినా నోట్లో మిగిలిన తడి వల్ల అంకె పైకి ఎగబాకుతుంది. పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ ఊదిస్తే ఆ తడి ప్రభావం పోతుంది. పరికరాన్ని వేళకు కాలిబ్రేట్ చేయించడమూ అంతే ముఖ్యం. అందుకే చీటీ చేతికి రాగానే అంకె ఒక్కటే చూసి ఊరుకోకూడదు. సమయం సరిగ్గా పడిందా, పరికరం నంబరు ఉందా, పేరూ బండి నంబరూ ఉంటే అవి మనవేనా అన్నది అక్కడే చూసుకోవాలి. సంతకం పెట్టాల్సి వస్తే ఆ తర్వాతే పెట్టాలి. కోర్టులో వకీలు అడగగలిగిన ప్రశ్నల్లో చాలావరకు ఆ రాత్రి ఆ చీటీ మీద ఉన్నవాటి నుంచే పుడతాయి.

పోలీసులకు ఊదించే అధికారమిచ్చిన 203వ సెక్షన్‌లోనే మనకో రక్షణా ఉంది. ఊదమనే పోలీసు యూనిఫాంలో ఉండాలి. అరెస్టు చేసి స్టేషన్‌కు తీసుకెళ్తే, అక్కడ ఇంకోసారి ఊదే అవకాశం ఇచ్చి తీరాలి. 202వ సెక్షన్ మరో మాట చెబుతుంది: 185 కింద అరెస్టయినవారికి రెండు గంటల్లోగా వైద్య పరీక్ష జరగాలి, జరగకపోతే వదిలిపెట్టాలి. రక్తం తీయాల్సింది రిజిస్టర్డ్ డాక్టరే. ఇవన్నీ చూసి "అసలు ఊదనే ఊదను" అని భీష్మించుకుంటే మాత్రం ఆ మొండితనమే ఎదురుతిరుగుతుంది. సరైన కారణం లేకుండా నిరాకరిస్తే, విచారణలో దాన్ని ప్రాసిక్యూషన్ సాక్ష్యానికి బలంగా తీసుకోవచ్చని 205వ సెక్షన్ చెబుతోంది.

బండి సంగతి వేరు. తాగి దొరికాడన్న ఒక్క కారణంతో వాహనాన్ని స్వాధీనం చేసుకునే అధికారం పోలీసులకు లేదని తెలంగాణ హైకోర్టు 2021 నవంబరులో తేల్చి చెప్పింది. పక్కన తాగని, లైసెన్సున్న వ్యక్తి ఉంటే తాళాలు అతనికివ్వాలి. ఎవరూ లేకపోతే బంధువులనో స్నేహితులనో పిలిపించాలి. అదీ కుదరకపోతే బండిని భద్రంగా ఉంచి, ఆర్సీ చూపించినవారికి తిరిగివ్వాలి.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పుకోవాలంటే: 1939 నాటి మోటారు వాహనాల చట్టంలోనే తాగి నడపడం నేరం. అమెరికాలోని ఇండియానాలో రాబర్ట్ బోర్కెన్‌స్టైన్ 1954లో బ్రెతలైజర్ తయారుచేశారు. మనకు 1988 చట్టం వచ్చింది, 2,000 రూపాయల దగ్గరే ఉండిపోయిన తొలి జరిమానా 2019 సెప్టెంబరు 1 నుంచి 10,000 అయింది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది కోర్టు ఘట్టం. హైదరాబాద్‌లోనైతే దానికి ముందు కౌన్సెలింగ్ ఉంటుంది, బేగంపేటలోనో గోషామహల్‌లోనో, ఇంట్లోవాళ్లను తోడు తెచ్చుకుని కూర్చోవాలి. ఆ తర్వాత కోర్టులో పేరు పిలుస్తారు. ఒప్పుకుంటారా అని అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. ఫైను కట్టేస్తే ఆఫీసుకు వెళ్లిపోవచ్చన్న తొందర వాళ్లది. నిజంగా తాగి నడిపినవారు ఒప్పుకోవడమే న్యాయమని నేనూ నమ్ముతాను. కానీ అక్కడ పలికిన "అవును" ఒక శిక్షగా రికార్డుకెక్కుతుంది. ఇంకోసారి దొరికితే "రెండో నేరం" అన్న మాటకు అదే పునాది. పైగా జరిమానాతోనే వదిలిపెట్టాలన్న నిబంధన ఏదీ లేదు, జైలు జడ్జి విచక్షణలో ఉంది. లైసెన్సుకూ ముప్పే. తాగి నడిపితే కనీసం మూడు నెలలు సస్పెండ్ చేయాలని సుప్రీంకోర్టు నియమించిన రోడ్డు భద్రత కమిటీ 2015లోనే రాష్ట్రాలకు చెప్పింది. అందుకే ఒప్పుకునే ముందు చీటీ నకలు తీసుకుని వకీలుకు చూపించడం ప్రతి ఒక్కరి హక్కు. వకీలును పెట్టుకునే స్తోమత లేనివారు న్యాయసేవాధికార సంస్థను అడగవచ్చు. తప్పుడు రీడింగ్‌తో ఒక ఆటో డ్రైవరు లైసెన్సు పోతే, ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. నా పట్టుదలంతా అతని కోసమే.

చీటీ లేకపోతే ఏమవుతుందో చెప్పే తీర్పులు రెండున్నాయి. 1971లో బచూభాయ్ కేసులో సుప్రీంకోర్టు, నోటి నుంచి మద్యం వాసన రావడం, తూలుతూ నడవడం, కనుపాపలు పెద్దవవడం వంటివి మాత్రమే చూసి, రక్తమో మూత్రమో పరీక్షించకుండా తాగాడని తేల్చలేమంది. దీన్ని పట్టుకుని పరీక్ష తప్పించుకుంటే చాలనుకునేవారు 2021 నాటి పెర్ల్ బేవరేజెస్ తీర్పు చదవాలి. 2007 డిసెంబరులో ఢిల్లీ ఇండియా గేట్ దగ్గర ఒక పోర్షే కారు ఫుట్‌పాత్‌ను గుద్ది, బోల్తాపడి, తగలబడింది. పరీక్ష నివేదిక లేకపోయినా, జరిగిన తీరును బట్టి మద్యం మత్తును బీమా కంపెనీ నిరూపించుకోవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. కారు యజమాని అయిన పెర్ల్ బేవరేజెస్‌కు క్లెయిమ్ దక్కలేదు.

ప్రాణం పోతే 185తో ఆగదు. 2006 నవంబరులో ముంబై కార్టర్ రోడ్డులో పేవ్‌మెంట్ మీద నిద్రపోతున్న కూలీల మీదికి అలిస్టర్ పెరీరా కారు దూసుకెళ్లింది. ఏడుగురు చనిపోయారు. అతని రక్తంలో మద్యం 0.112 శాతం, అంటే మన 30 మిల్లీగ్రాముల పరిమితి లెక్కలో 112. నిర్లక్ష్యం కింద కాకుండా, హత్య కాని ప్రాణహరణం కింద పడిన మూడేళ్ల శిక్షను సుప్రీంకోర్టు 2012లో ఖరారు చేసింది.

బాక్స్: పిల్లల చేతికి తాళాలు

మైనరు బండి నడిపి నేరం చేస్తే 199ఏ సెక్షన్ కింద సంరక్షకులో బండి యజమానో దోషులవుతారు. మూడేళ్ల వరకు జైలు, 25,000 జరిమానా, బండి రిజిస్ట్రేషన్ పన్నెండు నెలలు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లెర్నింగ్ లైసెన్సు రాదు. తనకు తెలియకుండా తీసుకెళ్లాడని గానీ, ఆపడానికి తగిన జాగ్రత్త తీసుకున్నానని గానీ పెద్దలు నిరూపించుకుంటే బయటపడవచ్చు. అల్మారాకు తాళం వేశామా అన్నది కూడా అక్కడ ప్రశ్నే.

బాక్స్: అమెరికాలో ఉన్న పిల్లలకు

అక్కడ చాలా రాష్ట్రాల్లో రక్తంలో మద్యం పరిమితి 0.08 శాతం, యూటాలో 0.05. మన 30 మిల్లీగ్రాముల కన్నా సడలింపే అనిపిస్తుంది. కానీ విద్యార్థి వీసా మీద ఉన్నవారికి శిక్ష పడనక్కర్లేదు, అరెస్టయితే చాలు, వీసా రద్దు చేయవచ్చు. ఉన్నచోట చదువు సాధారణంగా వెంటనే ఆగిపోదు గానీ, పండక్కో పెళ్లికో ఇంటికొస్తే తిరిగి వెళ్లడానికి కొత్త వీసా కావాలి. దానికి ముందు కాన్సులేట్ చెప్పిన డాక్టరు దగ్గర వైద్య పరీక్షకు వెళ్లమనవచ్చు. అరెస్టయిన వెంటనే క్రిమినల్ లాయరుతో పాటు ఇమిగ్రేషన్ లాయరును కూడా కలవాలి. కేసు కొట్టేసినా ఆ కాగితాలు దాచుకోవాలి, వీసా దరఖాస్తులో అరెస్టు గురించి అడిగిన చోట దాచకుండా రాయాలి.