ఎన్ని పిక్సెళ్ళు? ఎంత పెద్దవి?

కెమెరా కొందామని దుకాణానికి వెళ్ళగానే మొదట వినబడే మాట మెగాపిక్సెల్. "ఇది పదహారుది, అది ఇరవైది" అంటారు. అంకె పెద్దదైతే బొమ్మ బాగా వస్తుందని చాలామంది నమ్మకం. వేల రూపాయలు పోసి కొనే వస్తువు గనుక ఆ అంకె ఏమి చెబుతుందో, ఏమి చెప్పదో ముందే తెలుసుకుందాం.

పాత కెమెరాలో ఫిల్ము వుండే చోట డిజిటల్ కెమెరాలో ఒక సిలికాన్ పలక వుంటుంది. దాని పేరు సెన్సర్. గళ్ళ నోటుపుస్తకంలో మాదిరిగా దానిమీద లక్షలాది గళ్ళుంటాయి. ప్రతి గడీ తనమీద పడిన కాంతిని విద్యుదావేశంగా మార్చి కూడబెడుతుంది. ఆ గడే పిక్సెల్. పది లక్షల పిక్సెళ్ళు ఒక మెగాపిక్సెల్. 1975లో అమెరికాలోని కోడక్ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ సాసన్ తయారుచేసిన డిజిటల్ కెమెరాలో వున్నవి 10,000 పిక్సెళ్ళే! ఒక బొమ్మను టేపుమీదికి ఎక్కించడానికి దానికి 23 సెకన్లు పట్టేది.

మనకు ఎన్ని కావాలి? 6 అంగుళాల పొడవు, 4 అంగుళాల వెడల్పు వున్న ఫోటోను అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చువేయడానికి 1800 × 1200, అంటే 21,60,000 పిక్సెళ్ళు చాలు. అంతకు మించినవి గోడకు తగిలించే పెద్ద బొమ్మకో, బొమ్మలో ఒక ముక్క కత్తిరించుకోవడానికో పనికివస్తాయి.

అసలు చూడవలసింది సెన్సర్ విస్తీర్ణం. చిన్న కెమెరాల్లో తరచు కనిపించే సెన్సర్ కొలతలు 6.17 × 4.55 మి.మీ. విస్తీర్ణం సుమారు 28 చదరపు మి.మీ. ఫుల్ ఫ్రేమ్ అనే పెద్ద సెన్సర్ 36 × 24 మి.మీ., అంటే 864 చదరపు మి.మీ. రెండింటిలోనూ 20 మెగాపిక్సెళ్ళే వున్నాయనుకుందాం. పెద్దదానిలో ఒక్కొక్క పిక్సెల్‌కు దాదాపు 31 రెట్లు ఎక్కువ చోటు దక్కుతుంది.

చోటు ఎక్కువైతే లాభమేమిటి? వాన తుంపర పడుతున్నప్పుడు వాకిట్లో గ్లాసులు వరుసగా పెట్టండి. గ్లాసుకు సగటున 4 చినుకులు పడితే, ఒకదానిలో 2, పక్కదానిలో 6 పడవచ్చు. తేడా సగటులో సగం! గంగాళాలు పెడితే, సగటున 400 చినుకులు పడేచోట తేడా 20 దాకా వుంటుంది. అది నూటికి 5 మాత్రమే. కాంతి కూడా ఫోటాన్లనే చినుకులుగానే వచ్చి పడుతుంది. అందుకే మసక వెలుతురులో చిన్న పిక్సెళ్ళు తీసిన బొమ్మమీద ఇసుక చల్లినట్లు మచ్చలు కనిపిస్తాయి. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఈ తేడా అంతగా తెలియదు. దుకాణంలో దీపాలన్నీ వెలిగించి చూపించినా అంతే! ఫోన్లలో సెన్సర్ చిన్నదే. అందుకని చాలా ఫోన్లు వెంటవెంటనే కొన్ని బొమ్మలు తీసి కలుపుతాయి. ప్రయోగశాలలో మనం నాలుగైదు రీడింగులు తీసుకుని సగటు కట్టడం లాంటిదే ఇది.

కటకం మీద ఎఫ్ అంకె చూడండి. అది తగ్గినకొద్దీ కాంతి వచ్చే ద్వారం పెద్దది. ఎఫ్ 4 కంటే ఎఫ్ 2 నాలుగు రెట్లు కాంతిని రానిస్తుంది.

జూమ్ దగ్గర మరింత జాగ్రత్త అవసరం. ఆప్టికల్ జూమ్‌లో కటకాలు కదిలి నాభ్యంతరం మారుతుంది. డిజిటల్ జూమ్ బొమ్మ మధ్యభాగాన్ని కత్తిరించి సాగదీస్తుంది, అంతే. రెండు రెట్లు చేస్తే 20 మెగాపిక్సెళ్ళలో మిగిలేవి 5. నాలుగు రెట్లు చేస్తే ఒకటింపావు! పెట్టెమీద రాసిన జూమ్ అంకెలో ఆప్టికల్ ఎంతో విడిగా అడగండి.

కొనేముందు అక్కడే చిన్న పరీక్ష చేయవచ్చు. ఫ్లాష్ ఆపి, రెండు మూడు కెమెరాలతో బల్లకింది నీడను ఫోటో తీయండి. తెరమీద పెద్దవి చేసి, నల్లటి భాగాలను పక్కపక్కన పెట్టి చూడండి.