మైదా డబ్బాలో పురుగు – మందుబిళ్ళ మాత్రము వలదు

2008 మార్చిలో విమానాశ్రయము ప్రారంభమైన పిదప శంషాబాద్ పరిసరములలో అనేక నూతన గృహములు వెలసినవి. వాటితో పాటు వంటయిళ్ళలోనికి ఓవెన్లు, మైదా, కోకో పొడి, ఓట్స్, బాదం, ఎండుద్రాక్ష వచ్చి చేరినవి. పిల్లల పుట్టినరోజు కేకులు, బిస్కట్లు ఇంటనే చేయు తల్లులు పెరుగుట సంతోషకరము. అయితే తొలకరి పడిన నెలలోపుననే డబ్బాలో పురుగు కనిపించును. అప్పుడు ఇరుగుపొరుగు వారు చెప్పు మొదటి ఉపాయము, బియ్యములో వేయు పాదరసపు బిళ్ళను ఆ డబ్బాలోనూ వేయమని. ఈ వ్యాసము వ్రాయుటకు కారణము అదియే.

బియ్యమును, పప్పును కడిగి వండుకొందుము. కందిపప్పుకు పట్టించిన ఆముదము కొంతైనను కడుగుటలో పోవును. మైదాను కడుగువారు లేరు. పిండిలో ఏది కలిసినను అది నేరుగా కడుపులోనికే చేరును. ఈ తేడాను గమనింపక బియ్యపు పద్ధతిని పిండికి వర్తింపజేయుట ప్రమాదము. రసశాస్త్రము పాదరసమును ఎన్నో శోధన సంస్కారములు చేసిన తరువాతనే స్పృశించినది. అంగడి బిళ్ళలోని పాదరసమునకు ఆ సంస్కారము లేదు. బోరిక్ పొడియు అట్టిదే. ఇక ధాన్యపు గోదాములలో వాడు అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళ గాలిలోని తేమ తగిలినంతనే ఫాస్ఫీన్ అను విషవాయువును విడుచును. దానికి విరుగుడు లేదు. నిద్రించు గదులున్న ఇంటిలో దానిని ఉంచుటయే తప్పు.

పురుగు ఎట్లు వచ్చునో తెలిసినచో విషముతో పని లేదు. ఎక్కువ మంది అనుకొనునట్లు అది పిండిలో తనంతట పుట్టదు. మరలోనో, అంగడిలోనో పెట్టబడిన గ్రుడ్లు పొట్లముతోనే ఇంటికి వచ్చును. ఎర్రని చిన్న పెంకుపురుగు తన జీవితకాలములో 300 నుండి 500 వరకు గ్రుడ్లు పెట్టగలదు. జిగురుగా ఉన్న ఆ గ్రుడ్లకు పిండి అంటుకొనుట వలన అవి కంటికి కనబడవు. మన ఎండకాలపు వేడిలో గ్రుడ్డు నెల రోజులలోనే పెద్ద పురుగగును. రవ్వను దారములతో అల్లి ఉండలు కట్టించునది మాత్రము ఇది కాదు, బూడిదరంగు రెక్కల పురుగు యొక్క పిల్ల. బియ్యపు ముక్కుపురుగు గింజను తొలిచి లోపల గ్రుడ్డు పెట్టునది గనుక మెత్తని పిండిలో సంతతిని పెంచలేదు.

చరక సంహిత విమానస్థానము 7వ అధ్యాయములో క్రిమిచికిత్స మూడు విధములుగా చెప్పబడినది: అపకర్షణము, ప్రకృతివిఘాతము, నిదాన పరివర్జనము. అనగా తీసివేయుట, అవి పెరుగు పరిస్థితిని చెడగొట్టుట, మూలకారణమును విడుచుట. అది దేహములోని క్రిములకు చెప్పినదే అయినను వంటయింటి అలమరకు చక్కగా అన్వయించును.

తీసివేయుట అనగా జల్లించుట అని చాలామంది తలంపు. జల్లెడలో పురుగులు నిలుచును గాని గ్రుడ్లు జారిపోవును. పైగా ఎర్ర పెంకుపురుగులు పెరిగిన పిండి ఘాటైన దుర్వాసన పట్టి గులాబి ఛాయకు మారును. అవి విడుచు స్రావముల వలన కలుగు మార్పు అది. కేకు కాల్చినను ఆ దోషము పోదు. అట్టి పిండిని పారవేయవలెను. డబ్బాను కడిగి, మూత అంచులను తుడిచి, ఎండలో పూర్తిగా ఆరనిచ్చిన తరువాతనే కొత్త పిండి పోయవలెను. పాత పిండిపై కొత్త పిండి పోయు అలవాటు అన్ని ఇళ్ళలోను కలదు. పురుగు తరతరములుగా నిలుచుటకు అదియే ఆధారము.

రెండవది ముఖ్యమైనది. బొంబాయి రవ్వను మన పెద్దలు దోరగా వేయించి, చల్లార్చి దాచుట ఇందుకే. మైదాను వేయించినచో కేకునకు, రొట్టెకు పనికిరాదు. దానికి శీతలమే మేలు. కొన్న పొట్లమును విప్పకుండ గాలి చొరని సంచిలో పెట్టి, ఫ్రీజరులో సున్నాకు దిగువ 18 డిగ్రీల చలిలో ఒక వారము ఉంచినచో గ్రుడ్లతో సహా నశించును. బయటకు తీసిన వెంటనే విప్పరాదు. గది వేడికి వచ్చువరకు ఆగవలెను, లేనిచో తేమ పట్టి ఉండ కట్టును. పిమ్మట రబ్బరు పట్టీ గల మూతతో గాజు సీసాలోనో, స్టీలు డబ్బాలోనో పోయవలెను. పలుచని ప్లాస్టిక్ సంచిని కొన్ని పురుగులు కొరికి రంధ్రము చేయగలవు.

వేపాకు, వావిలాకు, లవంగము, ఎండుమిరప విషయము అడుగుదురు. వాటి వాసన కొత్త పురుగును కొంత దూరముగా ఉంచును గాని లోపలి గ్రుడ్లను చంపదు. పూర్తిగా ఎండిన ఆకును గుడ్డలో మూటకట్టి అలమరలో ఉంచవచ్చును. పచ్చి ఆకు పిండిలో వేసినచో తేమ చేరి బూజు పట్టును. వసకొమ్మును ఆహారపు పిండిలో ఎన్నటికిని కలుపరాదు.

మూడవది, అవసరమునకు మించి కొనకుండుట. చూర్ణము రెండు మాసములకు వీర్యము కోల్పోవునని శార్ఙ్గధరుడు చెప్పెను. గురుకులములో మేము వర్షాకాలమున చూర్ణములను కొద్దికొద్దిగా దంచుకొని జాడీలలో వాసెన కట్టి ఉంచుట దీనివలననే. పిండికిని ఆ గడువు తగును. బేకింగ్ సోడాకు పురుగు పట్టదు, తడి చెంచా తగలకున్న చాలును.

విమానాశ్రయము చేరువనున్న ఇళ్ళకు మరియొక మాట. విదేశములలోని బిడ్డలకు పంపు బిస్కట్లను పూర్తిగా చల్లారిన పిదపనే మూట కట్టవలెను. బియ్యము మాత్రము పెట్టెలో పెట్టకుడు. ఖాప్రా అను పెంకుపురుగు భయముచే మన దేశమునుండి ప్రయాణికులు తెచ్చు బియ్యమును అమెరికా అనుమతింపదు. అటులనే గల్ఫు నుండి వచ్చిన బంధువులు తెచ్చు బాదము, ఖర్జూరములను మైదా పక్కన పెట్టుటకు ముందు వారము దినములు ఫ్రీజరులో ఉంచవలెను.