ఆ ఊదా వెలుగు సాక్ష్యం కాదు!

ఇంటి గ్యారేజీలో ఫ్యూజన్ చేసేవాళ్లున్నారంటే నమ్ముతారా? అమెరికాలో టేలర్ విల్సన్ అనే కుర్రాడు 2008లో, 14 ఏళ్లకే చేసి చూపించాడు. ఇలాంటివాళ్లు కట్టే యంత్రం పేరు ఫ్యూజర్. గాలి లాగేసిన స్టీలు పాత్రలో కొంచెం డ్యుటీరియం వాయువు, మధ్యలో తీగతో చేసిన గ్రిడ్, దానికి 20 నుంచి 40 వేల వోల్టులు. (డ్యుటీరియం మనకి కొత్తేం కాదు. మన మణుగూరులో తయారయ్యే భారజలంలో ఉండేది అదే.)

కరెంటు ఇవ్వగానే లోపల ఊదారంగు వెలుగు! మొదటిసారి వీడియోలో చూసి, అదే ఫ్యూజన్ అనుకున్నాను. కాదు. ట్యూబ్‌లైట్‌లో ఉండేదీ ప్లాస్మానే కదా.

మరి అసలు సాక్ష్యం ఏది? రెండు డ్యుటీరియం కేంద్రకాలు కలిస్తే, దాదాపు సగం సార్లు హీలియం-3తో పాటు 2.45 ఎంఈవీ శక్తి ఉన్న న్యూట్రాన్ పుడుతుంది. దాన్ని పట్టుకోవాలి. చిక్కేమిటంటే దానికి ఆవేశం లేదు. మామూలు గైగర్ కౌంటర్‌కి నేరుగా దొరకదు. తక్కువ ఖర్చులో మూడు దారులున్నాయి.

మొదటిది ట్యూబు. హీలియం-3 ట్యూబు చాలా చురుకైనది. కానీ ఆ వాయువు ట్రిటియం క్షయం నుంచి రావాల్సిందే, అందుకే ఖరీదు. పాత సోవియట్ కాలపు బోరాన్ ట్యూబులు చవక, కాకపోతే చురుకు తక్కువ. ఏదైనా సరే, చుట్టూ కొన్ని సెంటీమీటర్ల మందాన పారఫిన్ మైనమో, హెచ్‌డీపీఈ ప్లాస్టిక్కో పెట్టాలి. గోళీ వెళ్లి అంతే బరువున్న గోళీని కొడితే ఆగిపోతుంది కదా? హైడ్రోజన్‌ని గుద్దుకున్న న్యూట్రాన్ కూడా అలాగే నెమ్మదిస్తుంది. నెమ్మదించినదే ట్యూబులో బాగా చిక్కుతుంది.

రెండోది బుడగల డిటెక్టర్. జెల్‌లో చిన్న ద్రవ బిందువులుంటాయి. న్యూట్రాన్ తగిలితే బిందువు బుడగవుతుంది. కంటితో లెక్కపెట్టుకోవచ్చు. ఎక్స్-కిరణాలకి మోసపోదు. కానీ కొన్ని నెలలకే పాడవుతుంది.

మూడోది నాకు బాగా నచ్చింది: వెండి. 1934లో రోమ్‌లో ఫెర్మీ బృందం గమనించిందిదే. పారఫిన్ గుండా వచ్చిన న్యూట్రాన్లు వెండిని చాలా ఎక్కువగా రేడియోధార్మికం చేశాయి. వెండి రేకు, మైనం, మామూలు గైగర్ కౌంటర్ చాలు. కాకపోతే న్యూట్రాన్లు దండిగా రావాలి.

ఇక్కడే అసలు పరీక్ష. హైవోల్టేజీ స్పార్క్ కొట్టినా ట్యూబు కౌంటర్ టకటకమంటుంది. అది చూసి "ఫ్యూజన్ వచ్చేసింది" అని పండగ చేసుకుంటే, మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు. అందుకే మైనం తీసేసి చూడాలి, లెక్క పడిపోవాలి. డ్యుటీరియం బదులు మామూలు హైడ్రోజన్ వేసి చూడాలి, న్యూట్రాన్ల లెక్క రాకూడదు. వెండి అయితే ఇంకా నిజాయితీపరురాలు. స్విచ్ ఆపేశాక కూడా కౌంటర్ మోగుతూనే ఉంటుంది, 24 సెకన్లు, 2.4 నిమిషాల అర్ధాయువులతో తగ్గుతూ. స్పార్క్‌కి ఆ తాళం రాదు.

ఒక్కమాట. ఆ వోల్టేజీ ప్రాణం తీస్తుంది, అద్దంలోంచి ఎక్స్-కిరణాలూ వస్తాయి. హాస్టల్ రూములో మొదలుపెట్టకండి. ముందు గైడ్, అనుమతులు, రక్షణ. ఆ తర్వాతే ప్రయోగం.

"వచ్చింది" అనడం తేలికే. "రాలేదేమో" అని మనమే వెతికి చూసుకోవడమే సైన్సు.