గొంతును భద్రపరచే చిన్న పెట్టె
ఇంట్లోనూ ప్రయాణంలోనూ రికార్డింగుకు ఆడియో ఇంటర్‌ఫేస్ ఎంచుకోవడం ఎలా?

మా అబ్బాజాన్ ముప్పై ఏళ్లకు పైగా ఊరి మసీదులో పిల్లలకు ఖుర్ఆన్ నేర్పారు. ఆయన ఇహలోకం వీడిన తర్వాత ఆ తిలావత్ మళ్లీ వినాలనిపించి ఇల్లంతా వెతికితే, పాత సెల్‌ఫోన్‌లో మూడు నిమిషాల రికార్డింగు ఒక్కటే దొరికింది. అందులో ఆయన గొంతు కన్నా ఫ్యాను చప్పుడే ఎక్కువ. ఆయన స్వరం తగ్గించిన చోటల్లా ఫోను ఆ మాటను మింగేసింది. అమ్మీ ఆ మూడు నిమిషాలనే పదే పదే పెట్టించుకుని వింటుంది. ఆ లోటే నన్ను ఈ విషయం తెలుసుకొనేలా చేసింది.

దివ్య ఖుర్ఆన్ గ్రంథరూపం కన్నా ముందు కంఠాలలో నిలిచింది. యమామా యుద్ధంలో అనేక మంది హాఫిజ్‌లు అమరులైనప్పుడే దానిని ఒకచోట క్రోడీకరించవలసిన అవసరాన్ని హజ్రత్ అబూబక్ర్ (రజి) కాలంలో గుర్తించారు. శబ్దరూపంలో అటువంటి కృషి ఆధునిక కాలంలో ఈజిప్టులో జరిగింది. సుప్రసిద్ధ ఖారీ మహ్మూద్ ఖలీల్ అల్ హుస్రీ సంపూర్ణ ఖుర్ఆన్ పారాయణం 1961లో రికార్డుగా వెలువడింది. ఆయన 1980లో మరణించినా ఆ గొంతు నేటికీ మన ఇళ్లలో పిల్లలకు తజ్వీద్ నేర్పుతూనే ఉంది. అంతటి ఏర్పాటు మనకు అక్కరలేదు. అరచేతిలో ఇమిడే ఒక పెట్టె, ఒక మైకు చాలు.

ఫోను ఎందుకు చాలదు?

సెల్‌ఫోన్ మైకును ప్రధానంగా సంభాషణ కోసం అమర్చుతారు. చుట్టూ ఉన్న చప్పుడును తగ్గించే ప్రయత్నంలో చాలా ఫోన్లు మెల్లని స్వరాన్ని కూడా చప్పుడుగానే భావించి అణచివేస్తాయి. వాట్సాప్ సందేశంగా పంపితే ధ్వని ఇంకా కుదించబడుతుంది. మామూలు మాటలకు దీనివల్ల పెద్ద నష్టం లేదు. కానీ సీన్‌కూ స్వాద్‌కూ, చిన్న హాకూ పెద్ద హాకూ ఉన్న తేడాను దూరాన ఉన్న ఉస్తాద్ పట్టుకోవాలంటే ఆ సూక్ష్మ ధ్వనులే కీలకం.

ఆడియో ఇంటర్‌ఫేస్ చేసే పని సులభంగానే అర్థమవుతుంది. మైకు నుంచి వచ్చే అతి బలహీనమైన విద్యుత్ సంకేతాన్ని అది పెంచుతుంది, అంకెల రూపంలోకి మార్చి, యూఎస్‌బీ తీగ ద్వారా ఫోనుకో కంప్యూటర్‌కో అందిస్తుంది. శబ్దం ఎంత పెరగాలో యంత్రం కాక, మీటను తిప్పే మన చేయి నిర్ణయిస్తుంది.

కొనే ముందు ఐదు ప్రశ్నలు

మొదటిది, ఎన్ని మైకులు? ఒకరే తిలావత్ చేసేటట్లయితే ఒక మైకుకు చోటున్నది చాలు. ఉస్తాద్, శిష్యుడు ఎదురెదురుగా కూర్చునేటట్లయినా, పెద్దలను ప్రశ్నలు అడిగి జ్ఞాపకాలు చెప్పించదలచినా రెండు మైకులకు చోటుండాలి. కొన్ని పెట్టెల్లో రెండు రంధ్రాలున్నా ఒకటే మైకుకు పనికివస్తుంది, రెండవది వాద్య పరికరాలకు ఉద్దేశించినది. ఈ తేడా చూడకుండా కొని బాధపడేవారున్నారు.

రెండవది, విద్యుత్తు ఎక్కడి నుంచి? చిన్న ఇంటర్‌ఫేస్‌లు తమకు కావలసిన విద్యుత్తును కంప్యూటర్ నుంచే తీసుకుంటాయి. ఫోనుకు తగిలిస్తే అది అంత విద్యుత్తు ఇవ్వలేకపోవచ్చు. ప్రయాణంలో వాడదలచినవారు, పవర్ బ్యాంకు తగిలించడానికి వేరే రంధ్రం ఉన్న పెట్టెను ఎంచుకోవడం మేలు.

మూడవది, మీ ఫోనుతో పొసగుతుందా? ప్రత్యేక సాఫ్ట్‌వేర్ లేకుండా పనిచేసే ‘క్లాస్ కంప్లయంట్’ రకమే ఫోన్లకు అనువైనది. 2023లో వచ్చిన ఐఫోన్ 15 నుంచి టైప్‌-సి తీగ సరిపోతుంది. అంతకు ముందు ఐఫోన్లకు అడాప్టర్ కావాలి.

నాల్గవది, మైకు ఏది? కండెన్సర్ మైకుకు ఇంటర్‌ఫేస్ 48 వోల్టుల ఫాంటమ్ పవర్ అందించాలి. అది సూక్ష్మ స్వరాలను చక్కగా పట్టుకుంటుంది, పక్కగది కుక్కర్ ఈలను కూడా వదలదు. చప్పుడున్న ఇళ్లలో డైనమిక్ మైకు నయం. అయితే దానిలో మెల్లని గొంతు వినబడాలంటే ఇంటర్‌ఫేస్ గెయిన్ 55, 60 డెసిబెల్స్ వరకు ఉండాలి.

ఐదవది, హెడ్‌ఫోన్ పెట్టుకుని నేరుగా వినే సౌకర్యం ఉందా? ఫోను గుండా తిరిగివచ్చే స్వరం కొద్దిగా ఆలస్యమవుతుంది. తన గొంతే ఆలస్యంగా చెవిన పడితే చదివేవారు తడబడతారు. ‘డైరెక్ట్ మానిటరింగ్’ ఉంటే ఆ ఇబ్బంది ఉండదు.

నాణ్యత విషయంలో 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ ఉంటే చాలు. 192 కిలోహెర్ట్జ్ అని అట్టపెట్టె మీద చూసి అదనంగా చెల్లించనక్కరలేదు. దుబారా మన ధర్మానికి నచ్చనిది. ఒక్క గొంతే, ఒక్క ఇంట్లోనే రికార్డు చేయాలంటే నేరుగా తగిలించే యూఎస్‌బీ మైకుతోనే పని జరగవచ్చు.

గది కూడా ఒక పరికరమే

ఎంత మంచి పెట్టె అయినా ఖాళీ గోడల ప్రతిధ్వనిని తొలగించలేదు. పరుపులు, బొంతలు, దుస్తుల బీరువా ఉన్న గదిలో కూర్చోండి. ఫ్యాను ఆపండి. మైకును నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కగా ఉంచండి. స్వరం పెరిగినప్పుడు కూడా సూచిక మైనస్ 12 డెసిబెల్స్ దాపులో ఉండేటట్లు మీటను సర్దండి. ముందుగా చదివేవారి పేరు, ఊరు, తేదీ చెప్పించండి. ముప్పై ఏళ్ల తర్వాత వినే మనవడికి అది ఎంతో విలువైనది.

ఒక మైకుతో ఈ నాణ్యతలో గంట రికార్డింగుకు సుమారు 520 ఎంబీ చోటు పడుతుంది. పారాకు గంట చొప్పున వేసుకున్నా ముప్పై పారాలు 16 జీబీలోపే ఇముడుతాయి. రెండు వేర్వేరు చోట్ల ప్రతులు దాచండి.

అమానత్‌ను మరువకండి

గొంతు కూడా ఒక అమానత్. అనుమతి లేకుండా ఎవరినీ రికార్డు చేయరాదు. ఇంటివారి కోసమని చెప్పి తీసుకున్న దానిని, ముఖ్యంగా స్త్రీల స్వరాన్ని, బంధువుల గ్రూపులలో పంచడం నమ్మకద్రోహమే. తిలావత్ రికార్డు చేసేవారు తమ సంకల్పాన్ని కూడా సరిచూసుకోవాలి. ప్రశంసల కోసం చదివితే మిగిలేది శబ్దం మాత్రమే. మనిషి మరణించాక కూడా అతనికి పుణ్యం చేర్చేవాటిలో ప్రయోజనకరమైన జ్ఞానం ఒకటని దైవప్రవక్త (స) బోధించారు. ఆ ఆశతో చేసినప్పుడే ఈ శ్రమకు విలువ.

గత రంజాన్‌లో ఒక చిన్న ఇంటర్‌ఫేస్, డైనమిక్ మైకు తీసుకుని ఊరికి వెళ్లాను. అమ్మీ మొదట సిగ్గుపడింది. తర్వాత మసీదు పిల్లలకు అబ్బాజాన్ చెప్పిన మొదటి పాఠం ఏమిటో, ఆయన ఎవరి దగ్గర నేర్చుకున్నారో గంటసేపు చెప్పింది. అందులో ఫ్యాను చప్పుడు లేదు. ఆమె నిట్టూర్పు కూడా స్పష్టంగా వినబడుతుంది.

మీ ఇంట్లోనూ అటువంటి గొంతు ఒకటి ఉండే ఉంటుంది. మంచి పరికరం కొన్నాకే మొదలు పెడదామని వాయిదా వేయకండి. ఈ రోజు ఫోనుతోనైనా సరే, ఫ్యాను ఆపి, దగ్గరగా కూర్చుని ఒక సూరా చదివించుకోండి. పరికరం రేపు కొనుక్కోవచ్చు. మన పెద్దల ఆయుష్షును, మన సంకల్పాలను అల్లాహ్ శుభప్రదం చేయుగాక! ఆమీన్.