పచ్చ ఫోను నిజంగా పచ్చనిదేనా?

పిల్లలూ! మొన్న మా తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి లేచి నిలబడింది. "మాస్టారూ! మా ఫోను తెర పగిలిపోయింది. ఆ మోడలుకు తెర ఇప్పుడు దొరకదట. మా నాన్న కొత్తది కొంటానంటున్నారు. పదివేలకు మించి పెట్టలేం. ఒక ఫోను డబ్బా మీద పచ్చటి ఆకుబొమ్మ వుంది. అది కొంటే పర్యావరణానికి మేలేనా?" అని అడిగింది.

ఔననీ చెప్పలేకపోయాను, కాదనీ చెప్పలేకపోయాను. "నల్లబల్ల మీద లెక్క వేసి చూద్దాం" అన్నాను. మీరూ కాగితం, పెన్సిలు తీసుకోండి.

ముందుగా ఒక పాత ఫోను సంగతి చెబుతాను. 2009లో శాంసంగ్ కంపెనీ మన దేశంలో 'సోలార్ గురు' అనే ఫోనును విడుదల చేసింది. ధర 2,799 రూపాయలు. దాని వీపున చిన్న సౌరఫలకం వుండేది. గంటసేపు ఎండలో పెడితే 5 నుంచి 10 నిమిషాలు మాట్లాడుకోవచ్చు. ఇంత తక్కువా అనిపిస్తుంది కదూ? కారణం చూద్దాం.

మిట్టమధ్యాహ్నపు ఎండ ఒక చదరపు మీటరు మీద సుమారు 1,000 వాట్ల శక్తిని కురిపిస్తుంది. ఫోను వీపున 20 చదరపు సెంటీమీటర్ల ఫలకం పట్టిందనుకోండి. దాని మీద పడేది 2 వాట్లే. అందులో 15 శాతం విద్యుత్తుగా మారితే మనకు దక్కేది 0.3 వాట్లు. చిన్న ఫోను బాటరీలో సుమారు 3 వాట్-గంటల శక్తి పడుతుంది. అంటే అది నిండటానికి పది గంటల మండుటెండ కావాలి! పైగా ఎండకు వేడెక్కితే బాటరీ త్వరగా పాడవుతుంది.

సరే, కరెంటు ఎంత ఆదా అవుతుంది? ఆ చిన్న ఫోనును రోజూ ఛార్జి చేసినా, ఛార్జరులో వృథా అయ్యేదానితో కలిపి 5 వాట్-గంటలు అనుకుందాం. సంవత్సరానికి 365 × 5 = 1,825 వాట్-గంటలు. రెండు యూనిట్లు కూడా కాదు! 75 వాట్ల ఫాను ఒక్క పగలూ రాత్రీ తిరిగితే అయ్యే ఖర్చు అంతే. తుఫానుకు స్తంభాలు కూలి కరెంటు పోయిన పల్లెలో ఆ పది నిమిషాల మాట ఎంతో విలువైనదే. కానీ పర్యావరణానికి కలిగే మేలు మాత్రం స్వల్పం.

ఇప్పుడు స్మార్ట్‌ఫోను సంగతి. దీని బాటరీ పెద్దది. వృథాతో కలిపి రోజుకు 25 వాట్-గంటలు వేసుకోండి. సంవత్సరానికి సుమారు 9 యూనిట్లు. మన దేశంలో ఒక యూనిట్ కరెంటు తయారైతే సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. కాబట్టి ఛార్జింగు వల్ల సంవత్సరానికి 6 కిలోల పైచిలుకు.

మరి ఫోనును తయారు చెయ్యటానికో? కాంగో గనుల నుంచి కోబాల్టు తవ్వాలి. రాగి, బంగారం, లిథియం శుద్ధి చెయ్యాలి. చిప్పుల కర్మాగారాలకు అపారమైన విద్యుత్తూ, నీరూ కావాలి. 2020లో వచ్చిన ఐఫోన్ 12 జీవితకాలపు భారం సుమారు 70 కిలోలని ఆపిల్ కంపెనీయే ప్రకటించింది. అందులో 80 శాతానికి పైగా తయారీలోనే! అంటే మన చేతికి వచ్చేలోపే ఫోను చెయ్యవలసిన హాని చాలావరకు చేసేసింది.

మన లెక్క కోసం చవక ఫోను తయారీ భారం 48 కిలోలు అనుకుందాం. రెండేళ్లకే పారేస్తే సంవత్సరానికి 24 కిలోలు పడుతుంది. నాలుగేళ్లు వాడితే 12. ఆరేళ్లు వాడితే 8. రెండేళ్ల ఫోనును నాలుగేళ్లు వాడితే ఏటా 12 కిలోలు మిగులుతాయి. ఛార్జింగంతా ఉచితంగా ఎండతోనే జరిగినా మిగిలేది 6 కిలోలే. చూశారా! పచ్చదనానికి అసలైన కొలత ఆకుబొమ్మ కాదు, ఆయుష్షు.

ఈ కొలతతో ఒక ఫోనుకు మార్కులు వేద్దాం. 2023 ఫిబ్రవరిలో నోకియా జి22 అనే చవక ఫోను వచ్చింది. బ్రిటన్‌లో దాని ధర సుమారు 150 పౌండ్లు. వెనుక మూత పూర్తిగా వాడేసిన ప్లాస్టిక్‌ను కరిగించి చేసినదే. మంచిదే, కానీ ఫోను భారంలో మూత వాటా కొంచెమే. కాబట్టి మార్కులూ కొంచెమే. బాటరీని, తెరను ఇంట్లోనే మార్చుకునేలా విడిభాగాలు, వివరాలు అందుబాటులో వుంచారు. దీనికి మంచి మార్కులు. అయితే భద్రతా సాఫ్ట్‌వేరును మూడేళ్లు మాత్రమే ఇస్తామన్నారు. ఒళ్లు బాగానే వున్నా రక్షణ లేని ఫోనులో డబ్బు లావాదేవీలు చెయ్యటం ప్రమాదం కదా! ఇక్కడ మార్కులు తగ్గాయి.

యూరోపియన్ యూనియన్ 2025 జూన్ నుంచి కొత్త నిబంధనలు అమలు చేసింది. 800 సార్లు ఛార్జి చేశాక కూడా బాటరీ సత్తువ 80 శాతం వుండాలి. ముఖ్యమైన విడిభాగాలు, అమ్మకం ఆగిన తర్వాత ఏడేళ్ల వరకు దొరకాలి. ఇవీ ఆయుష్షును పెంచే నిబంధనలే.

ఎందుకింత పట్టుదల? 2022లో ప్రపంచంలో పోగుపడిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులు. అందులో సక్రమంగా సేకరించి తిరిగి వాడినట్లు లెక్క తేలింది 22.3 శాతమే. మిగిలినదానిలో ఎంతో భాగం ఢిల్లీలోని సీలంపూర్ వంటి చోట్లకు చేరుతుంది. అక్కడ తీగలు కాల్చి, ఆమ్లాల్లో ముంచి లోహాలు తీసేవారి ఊపిరితిత్తులకే ఆ విషమంతా.

ఇక మా అమ్మాయి కథ. నల్లబల్ల మీద మేము తేల్చిన నాలుగు ప్రశ్నలు రాసుకుని నాన్నతో మూడు దుకాణాలు తిరిగింది. బాటరీ మార్చటానికి ఎంత? తెరకు ఎంత? ఈ ఊళ్లో మార్చేవారున్నారా? సాఫ్ట్‌వేరు ఎన్నేళ్లు ఇస్తారు? ఆకుబొమ్మ ఫోనుకు తెర దొరుకుతుందో లేదో ఎవరూ చెప్పలేకపోయారు. పక్కనున్న మామూలు ఫోనుకు నాలుగింటికీ జవాబులు దొరికాయి. వాళ్లు దాన్నే కొన్నారు.

మీరూ ఒక పని చెయ్యండి. మీ వీధిలో పది ఇళ్లకు వెళ్లి, మూలపడిన ఫోనులెన్నో అడగండి. ఒక్కొక్కటి ఎందుకు మూలపడింది? బాటరీయా, తెరా, సాఫ్ట్‌వేరా, లేక కొత్తదాని మీద మోజా? పట్టిక వెయ్యండి. వాటిని మాత్రం మీరు విప్పకండి. ఉబ్బిన బాటరీని గుచ్చితే మంటలు లేస్తాయి. పాత ఫోనులను చెత్తబండిలో వెయ్యకుండా, కంపెనీ సేకరణ కేంద్రానికి పంపమని పెద్దలకు చెప్పండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన మన దేశపు నియమాల ప్రకారం, పాతవాటిని శుద్ధి చేయించే బాధ్యత తయారీదారులదే.

మీ పట్టికలో ఏ కారణానికి ఎక్కువ ఓట్లు వచ్చాయో చూసుకోండి. ఈసారి ఇంట్లో ఫోను కొనేటప్పుడు మీరు మొదట అడగవలసిన ప్రశ్న అదే!