వైమానికుని కోటు

దీపావళికి ముందురోజు తెల్లవారుజామున శంషాబాదు విమానాశ్రయానికి వెళ్ళవలసి వచ్చింది. అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మా అన్నగారి అబ్బాయి పండుగకు వస్తున్నాడు. నగరం దాటి ఆ మైదానంలోకి ప్రవేశించేసరికి గాలిలో చలి తెలిసింది. ఆశ్వయుజం చివరి చలి. ఒంటికి హాయి గొలిపేదే కాని వణికించేది కాదు. అయినా లోపలినుంచి వచ్చే కుర్రవాళ్ళలో ఇద్దరు ముగ్గురు ఒకే తీరు కోటు తొడుక్కొని కనిపించారు. నడుము దగ్గర, మణికట్ల దగ్గర బిగువైన అల్లిక పట్టీలు; మెడకు కాలరు లేదు; ఎడమ చేతిమీద చిన్న జేబు; ఆకుపచ్చలో బూడిదరంగు కలిసి నిగనిగలాడే బట్ట. మావాడు కూడా ఆ వేషంలోనే దిగాడు.

"ఏమిరా, విమానం నువ్వే నడుపుకొని వచ్చావా?" అన్నాను.

"ఇది యుద్ధవిమానాలు నడిపేవాళ్ళ కోటు బాబాయ్. నేను తొడుక్కున్నది కొత్తది. పాతది, అసలుది, పెట్టెలో ఉంది. అక్కడ పాతసామాన్ల దుకాణంలో కొన్నాను. కొత్తదానికంటె దానికే ఎక్కువ ఖరీదు పెట్టాను. మంచిపని చేశానో, మోసపోయానో నువ్వే చెప్పాలి" అన్నాడు.

మా తాతగారి కాలంలో ఇంట్లో బట్టల దుకాణం ఉండేది. బట్టను చేతితో పట్టి చూసి నాణ్యం చెప్పడం నాకు చిన్ననాడే అలవాటయింది. అందుచేత ఈ తీర్పు నామీద పడింది.

ఇంటికి వచ్చి రెండు కోట్లూ బల్లమీద పక్కపక్కన పరిచాము. ఎం.ఏ.-1 అని వీటికి పేరు. పాతదాని లోపల కుట్టిన పట్టీమీద 8279 అనే సైనిక నిర్దేశసంఖ్య, కొనుగోలు ఒప్పందపు సంఖ్య అచ్చువేసి ఉన్నవి. చేతిలోకి తీసుకోగానే బరువు తెలిసింది. పైగుడ్డ నైలానే, కాని పడుగూ పేకా సందులేకుండా బిగించి, ఏటవాలు గీతలు తేలేటట్లు నేసినది. దీపానికి ఎదురుగా పెట్టి చూస్తే వెలుతురు చొరలేదు. కొత్తదానిది కూడ నైలానే. కాని పోగు సన్నం, నేత పలచన. వేళ్ళమధ్య నలిపితే కాగితంవలె గలగలమన్నది. పాతదాని మణికట్టు పట్టీ ఉన్ని అల్లిక. ఒకచోట చిమ్మెట కొట్టివేసినా, సాగదీసి వదిలితే చటుక్కున వెనక్కు ముడుచుకున్నది. కొత్తదానిది ఆక్రిలిక్, దానికి చిమ్మెట భయం లేదు గాని, ఏడాది తొడుగుడుకే వదులై వేలాడుతున్నది. రెండింటి అస్తరూ నారింజరంగే.

"ఈ రంగు ఎందుకో తెలుసా?" అని అడిగాను. ఫాషను అనుకున్నానన్నాడు. విమానం కూలి అడవిలోనో మంచులోనో పడినవాడు కోటును తిరగేసి తొడుక్కుంటే, వెదకవచ్చినవారికి దూరంనుంచే కనిపించాలని ఆ అస్తరు పెట్టారు. పాతకోటులో ప్రతి వస్తువుకూ ఈ విధంగా ఒక ఆపద జవాబుదారీగా ఉన్నది. కొత్తకోటులో ఆ ఆపదలు పోయినవి. ఆకారం మాత్రం మిగిలింది.

అసలు వైమానికుడికి ప్రత్యేకమైన కోటు ఎందుకు కావలసివచ్చింది? పైకి పోయినకొద్దీ కిలోమీటరుకు సుమారు ఆరున్నర డిగ్రీలచొప్పున వేడి తగ్గుతుంది. శంషాబాదులో చెమటలు కారే మధ్యాహ్నం కూడా, మనం ఎక్కిన విమానం 35 వేల అడుగులు చేరేసరికి బయట మైనస్ 40 డిగ్రీలకు దిగువనే ఉంటుంది. మనం లోపల చొక్కాతో కూర్చొని కాఫీ తాగుతున్నాము గనుక ఆ సంగతి మనకు తట్టదు. తొలిరోజుల విమానాలకు పైకప్పే ఉండేది కాదు.

ఆ విమానాలతో మన హైదరాబాదుకు దగ్గరి సంబంధం ఉన్నది. మొదటి ప్రపంచయుద్ధం చివర, 1918లో, బ్రిటిషు వాయుసేన 110వ స్క్వాడ్రనుకు డి.హెచ్.9ఏ. విమానాలను నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ బహూకరించాడు. ఆ దళానికి హైదరాబాదు పేరే పెట్టారు. వాటిలో ఒకటి జర్మనుల చేజిక్కి, పోలండు చేరి, 1977లో తిరిగి బ్రిటను వెళ్ళి, అక్కడి వాయుసేన మ్యూజియంలో నిలిచింది. రెండవ యుద్ధంలో మరి రెండు దళాలు, 152వదీ 253వదీ, మన నగరం పేరు మోసినవి. ఆ పేరుతో ఎగిరిన కుర్రవాళ్ళు హైదరాబాదును చూచి ఉండరు. వారిని కాచిన బట్టలను హైదరాబాదు చూచి ఉండదు.

ఆ బట్టలలో మొదట చెప్పదగినది సిడ్కాట్ దుస్తు. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు యంత్రం బాగుచేస్తూ, నూనె మరకల పనిబట్టలతోనే ఒకనాడు ఆకాశంలోకి వెళ్ళవలసి వచ్చింది. దిగివచ్చాక తోటివారందరూ చలికి కొయ్యబారి ఉంటే తనకు మాత్రం చలి వేయలేదు. ఆలోచించగా, జిడ్డు బట్టలోని సందులను పూడ్చి గాలిని ఆపినదని తేలింది. దానిమీద అతడు 1917లో పైన దట్టమైన గాబర్డిను, నడుమ గాలి చొరని పట్టు, లోపల సన్నని బొచ్చు కలిపి ఒక దుస్తును కుట్టించాడు. చలిని గెలిచేది మందం కాదు, గాలిని ఆపే నేత అని ఆ జిడ్డుబట్ట నేర్పింది.

తరువాత గొర్రెతోలు వచ్చింది. లెస్లీ ఇర్విన్ కంపెనీ కుట్టిన కోట్లు, ఉన్ని లోపలికీ తోలు బయటికీ ఉండేవి, 1940 నాటి బ్రిటిషు వైమానికులకు ఆనవాలయినవి. అమెరికాలో 1931లో ప్రమాణంగా నిర్ణయించిన ఏ-2 కోటును గుర్రపుతోలుతో కుట్టేవారు. తోలు గట్టిదే, కాని బరువు, ఇరుకు. అన్నిటికంటె పెద్ద చిక్కు నీరు. వానలో తడిసిన తోలు ఎత్తుకు పోయేసరికి గడ్డకట్టి కొయ్యవలె బిగుసుకొనేది. జెట్ విమానాలు వచ్చి మరింత ఎత్తుకు, మరింత ఇరుకైన గదులలో పోవలసివచ్చినప్పుడు తోలు పనికిరాలేదు. అప్పుడు, 1950 ప్రాంతాన, నీటిని పీల్చని నైలానుతో ఎం.ఏ.-1 పుట్టింది. పారాషూటు పట్టీలకు అడ్డు వస్తున్నదని బొచ్చు కాలరును తీసివేసి అల్లిక మెడ పెట్టారు.

ఇంతవరకు విని మావాడు, "అయితే పాతదే మేలన్నమాట. నేను మోసపోలేదు" అన్నాడు.

సగం మాత్రమే నిజమన్నాను. నేతలోనూ, కుట్టులోనూ పాతది మేలు. కాని బట్టకు కూడా వయస్సున్నది. ఎండ తగిలినకొద్దీ నైలాను పోగు బలం తగ్గుతుంది. మన మే నెల ఎండలో నాలుగురోజులు ఆరవేయకు, నీడపట్టున ఉంచు. పాతది కొనేవాడు భుజాలనూ, మడతలనూ మెల్లగా లాగి చూడాలి. లోపలి పట్టీ చదవాలి. మణికట్టు అల్లికను సాగదీసి చూడాలి. కొత్తది కొనేవాడు దీపానికి అడ్డుపెట్టి నేత చూడాలి. తేలికగా ఉండి, ఉతికితే త్వరగా ఆరి, బస్సులో తొడుక్కోవడానికి చాలునంటే కొత్తది తప్పేమీ కాదు. అది వైమానికుని కోటు అనుకుంటేనే తప్పు.

మరొక సంగతి నేను అప్పుడు చెప్పలేదు. చెప్పవలసిన సమయం మర్నాటి సాయంకాలం వచ్చింది.

దీపాలు పెట్టారు. పిల్లలు వాకిట్లో చేరారు. మావాడు చలిగా ఉన్నదని ఆ కొత్తకోటు తొడుక్కొని చిచ్చుబుడ్డి వెలిగించబోయాడు. నేను గట్టిగా ఒక కేక వేశాను. పండుగపూట అంత కేక ఎందుకని అందరూ నావంక చూశారు. నా చొక్కాచెయ్యి పైకి మడిచి వాడికి చూపించాను. మోచేతికింద, అరచేతి వెడల్పున, ముడతలు పడి నున్నగా మెరిసే మచ్చ. నాకు పదేళ్ళప్పుడు దీపావళినాడు నూలుచొక్కా తొడుక్కోమని అమ్మ ఎంత చెప్పినా వినక, మోజుపడి కుట్టించుకున్న నైలాను చొక్కాతో మతాబు కాల్చాను. రవ్వ పడింది. చొక్కా మండిపోలేదు, కరిగింది. కరిగి చేతికి అతుక్కున్నది. దాన్ని లాగినప్పుడు చర్మమూ వచ్చింది.

నూలు అంటుకోదని కాదు, అంటుకుంటుంది. కాని అది బూడిద అవుతుంది. లక్కవలె కరిగి ఒంటికి పట్టుకోదు. నైలాను 260 డిగ్రీల ప్రాంతాన కరుగుతుంది. మా అమ్మకు ఈ లెక్కలు తెలియవు. అయినా తెలుగునాట దీపావళినాడు తల్లులందరూ చెప్పే ఆ మాటనే వాయుసేనలు ఎంతో అనుభవంమీద గాని నేర్చుకోలేదు. విమానంలో నిప్పు అంటుకున్నప్పుడు, నీటిని జయించిన ఆ నైలానే ఒంటిమీద శత్రువయ్యేది. అందుకే 1970లలో అమెరికా వాయుసేన ఎం.ఏ.-1ను పక్కకు పెట్టడం మొదలుపెట్టి, నోమెక్స్ అనే పోగుతో నేసిన కోటును తెచ్చింది. ఆ పోగు మంటలో కరగదు, నల్లబడి బొగ్గవుతుంది. మంట తీయగానే తానుగా ఆరిపోతుంది. దానికి నిగనిగలు లేవు. చూపుకు నైలానంత సొగసుగా ఉండదు. అసలైన కొత్తకోటు అదీ. దుకాణాలలో వేలాడేవి నైలాను కోటుకు నీడలు.

కనుక పాతా కొత్తా అని కాదు, ఈ బట్ట దేనికి జవాబుగా నేసినది అని అడగాలి. చలికి జవాబు గొర్రెతోలు, నీటికి నైలాను, నిప్పుకు నోమెక్స్. ఏ ప్రశ్నా లేకుండా నేసినదానికి ఖరీదు ఉండవచ్చును గాని నాణ్యం ఉండదు.

మావాడు మారుమాటాడకుండా లోపలికి వెళ్ళాడు. తిరిగి వచ్చేటప్పుడు నా పాత నూలుచొక్కా తొడుక్కొని ఉన్నాడు. భుజాల దగ్గర వదులు, చేతులు పొట్టి. వాకిట్లో పిల్లలు నవ్వారు. లోపల రెండు కోట్లూ దండెంమీద పక్కపక్కనే వేలాడుతున్నవి. బయట చిచ్చుబుడ్డి వెలిగింది.